పన్నెండు మంది చూసిన పంజరం

"విచారణ మూడు గంటలకు. ఇప్పుడు పదిన్నర. ఏడవాలనుంటే సాయంత్రం తీరిగ్గా ఏడుద్దువు గాని, ముందు నేనడిగింది చెప్పు," అంది తబితా హల్లమ్.

ఇంగ్లండులోని షెఫీల్డ్ ఠాణా లాకప్పులో చెక్కబల్ల మీద ముడుచుకుని కూర్చున్న కెజియా స్టేసీ ముక్కు తుడుచుకుంది. ఆ పిల్లకు పందొమ్మిదేళ్లు. పదకొండో ఏట నుంచీ ఇళ్లలో పనిచేస్తోంది. ఒక్క చెంచా దొంగిలించినట్టు ఎవరూ అనలేదు. అలాంటిదాని మీద ఇప్పుడు ఒక నిండుప్రాణం తీసిందన్న నింద పడింది. మంగళవారం మధ్యాహ్నం దాని యజమానురాలు లవినియా బ్రామాల్ పడగ్గదిలో గౌను అంటుకుని చనిపోయింది. చలిమంట వేసే నిప్పుగూటికి అడ్డంగా పెట్టాల్సిన ఇనప జాలీ పెట్టకుండా పనిపిల్ల బయటికి పోయిందనీ, అమ్మగారి గౌను నిప్పుకు తగిలి అంటుకుందనీ ఇన్‌స్పెక్టర్ గాంట్ రాసిపడేశాడు. ఈ మధ్యాహ్నం జ్యూరీ అవునంటే కెజియా ఇక్కణ్ణుంచి నేరుగా యార్క్ జైలుకు పోతుంది.

తబితా పోలీసు కాదు. పోలీసు పెళ్లాం. ఆ పోలీసు పోయి తొమ్మిదేళ్లయింది. ఆడఖైదీలను సోదా చెయ్యడానికీ, విచారణకొచ్చిన ఆడశవాలను శుభ్రం చెయ్యడానికీ మగవాళ్లు పనికిరారు గనక ఠాణావాళ్లు ఆమెను ఉంచుకున్నారు. పేరుకు సోదా మనిషి. ఊళ్లో సగం కేసులు తేలింది ఆమె కళ్లతోనే. కాగితాల మీద మాత్రం ఆమె పేరు ఒక్కసారీ ఎక్కలేదు.

"అమ్మగారు మంగళవారం పొద్దున్నుంచీ ఎలా ఉంది?"

"తలనొప్పమ్మా. ఒంటిగంటకు అయ్యగారు భోజనానికొచ్చారు. ఇద్దరూ గట్టిగా మాటలనుకున్నారు. రెండింటికి అమ్మగారు నన్ను పిలిచి అన్నీ విప్పించుకున్నారు. గౌను కింది పంజరం, నడుం బిగించే కార్సెట్టు, అన్నీ. వదులు గౌను తొడిగి పడుకోబెట్టాను. జాలీ పెట్టి రెండు కొక్కేలూ తగిలించాను. మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్లు జ్యూరీకి పనికిరావే తల్లీ. తర్వాత?"

"రెండుంబావుకు కాస్త ముందు అయ్యగారు మెట్ల మీద కనబడి, తలనొప్పి మందు తెమ్మన్నారు. మా వీధి చివరే మందుల షాపుందా, అక్కడ కాదు, వంతెన అవతల షాపులోనే తెమ్మన్నారు. నేనొచ్చేసరికి మూడుకు పది నిమిషాలు తక్కువ. ఇంటి ముందు జనం..."

"ఏ విషయం మీద మాటలనుకున్నారు?"

కెజియా తలుపు వైపు చూసింది. తబితా లేచి వెళ్లి, తలుపుకు తన వీపు ఆనించి నిలబడింది.

"వార్నీషు గది సంగతమ్మా."

వార్నీషు గది తెలియనివాళ్లు షెఫీల్డ్‌లో లేరు. లవినియా మొగుడు జోసయా బ్రామాల్ ఫ్యాక్టరీలో వారానికి కొన్ని వేల పంజరాలు తయారవుతాయి. ఉక్కుతీగను వలయాలుగా వంచి, నూలు చుట్టి, పట్టీలకు కుట్టి, నడుముకు బకిల్ పెడితే పంజరం. దానిమీద గౌను వేస్తే ఆడది గంటలా నిలబడుతుంది. క్రినొలిన్ అన్నది దుకాణాల్లో మాట. తొడుక్కునే ఆడవాళ్లకది పంజరమే. మూడు వారాల కిందట ఆ ఫ్యాక్టరీ వార్నీషు గదిలో మంటలు లేచి ఇద్దరు పిల్లలు చచ్చిపోయారు. పని మధ్యలో బయటికి పోకుండా బయట తాళం వేశారని కూలిపిల్లలు చెప్పారు. ఆ తలుపుకు తాళమే లేదని బ్రామాల్ బైబిల్ పట్టుకుని ప్రమాణం చేశాడు. బైబిల్ ఏం చేస్తుంది పాపం, ఎవరు పట్టుకుంటే వాళ్ల చేతిలో ఉంటుంది.

"ఆ తాళంచెవి అయ్యగారి సొరుగులో అమ్మగారికి దొరికిందమ్మా. 'గురువారం మేజిస్ట్రేటుకి తీసుకెళ్లి ఇస్తాను కెజియా, నువ్వూ తోడు రావాలి' అన్నారు. ఈ రోజే గురువారం."

"ఇది ఇన్‌స్పెక్టరుతో చెప్పావా?"

"చెప్పానమ్మా. 'పెద్దింటి మగాడి మీద నోరు పారేసుకుంటే ఇంకో కేసు పడుతుంది' అన్నారు."

తబితా బుర్రలో నిన్నటి నుంచీ ఒక ముల్లు గుచ్చుకుంటోంది. నిన్న విచారణ మొదలైంది. ఆనవాయితీ ప్రకారం జ్యూరీ పన్నెండు మందీ వరసగా వచ్చి, టోపీలు తీసి, కాలిపోయిన లవినియాను చూసి, తలలు పంకించి పోయారు. ఆ తర్వాతే ఒంటి మీది పంజరం విప్పడానికి తబితాను పిలిచారు. నూలంతా కాలిపోయింది గాని ఉక్కు ఎక్కడికి పోతుంది? వలయాలు ఒంటి చుట్టూ కుప్పపడి ఉన్నాయి. నడుము దగ్గర ఇత్తడి బకిల్ కోసం వెతికితే ముందు లేదు. వీపు కిందికి చెయ్యి పోనిస్తే అక్కడ తగిలింది.

"కెజియా, పిచ్చి ప్రశ్న అనుకోకు. అమ్మగారి పంజరానికి బకిల్ ఎటు పెట్టేదానివి?"

కెజియా ఏడుపు ఆపి నోరు తెరిచింది. "అదేం ప్రశ్నమ్మా! ముందుకే. ఎవరికైనా ముందుకే గదా. వెనక పెడితే వీపువైపు ఉండాల్సిన ఎత్తంతా పొట్ట మీదికొస్తుంది, నడిస్తే మోకాళ్లకు తగిలి బోర్లా పడతారు. చిన్నపిల్లలకు కూడా తెలుసు."

"చిన్నపిల్లలకు తెలుసు," అంది తబితా మెల్లగా. "మగపిల్లలకు తెలియదు."

కోపం అప్పుడొచ్చింది ఆమెకు, అరికాలి నుంచి నెత్తి దాకా. ఈ పంజరం కనిపెట్టింది మగాడు, తీగ లాగేది మగాడు, అమ్మేది మగాడు. ఆడది అందులో కాలి చస్తే 'మరో సోకులాడి బూడిదైంది, వీళ్లకు బుద్ధెప్పుడొస్తుందో' అని బుధవారం పేపర్లో ఇకిలించి రాసింది కూడా మగాడే. చచ్చినదాన్ని పన్నెండు మంది మగాళ్లు కళ్లప్పగించి చూశారు. ముందు బకిల్ లేదేమిటన్న అనుమానం ఒక్కడికీ రాలేదు. పన్నెండు జతల కళ్లు! ఎందుకు, తగలెయ్యడానికా అనుకుంది.

పదకొండున్నరకు ఆమె బ్రామాల్ ఇంటి వెనక తలుపు తట్టింది. మంగళవారం సెలవులో ఉన్న వంటావిడ ఎర్రబడిన కళ్లతో తలుపు తీసి, "అయ్యగారు ఫ్యాక్టరీలో ఉన్నారు, త్వరగా చూసుకుని పోండమ్మా," అంది.

పడగ్గది తలుపు తియ్యగానే మాడిన వాసన. తబితా గుమ్మంలోనే నిలబడి ముందు కళ్లతో కొలిచింది. నిప్పుగూటి నుంచి తివాచీ మీద కాలిన చోటుకు నాలుగు అడుగులు. మధ్యలో తివాచీ మీద నిప్పురవ్వ పడిన గుర్తు కూడా లేదు. గౌను అంటుకున్న ఆడది ఒక్కచోట నిలబడదు. అరుస్తుంది, పరుగెడుతుంది, కర్టెన్లు లాగుతుంది, తలుపు మీద పడుతుంది. నిరుడు ఇలాంటి రెండు చావులు చూసింది తబితా. రెండుసార్లూ వీధి వీధంతా అరుపులు విన్నది. ఇక్కడ కర్టెన్లు తెల్లగా ఉన్నాయి. ఎదురింటి ముసలామె రెండూ ముప్ఫై అయిదుకు పొగ చూసింది గాని అరుపు వినలేదు.

ఇన్‌స్పెక్టరు రాసుకున్న వేళలు కూడా ఆమెకు కంఠతా వచ్చు. బ్రామాల్ రెండూ ఇరవైకి ఇంట్లోంచి బయల్దేరానన్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలావాడు రెండూ నలభైకి చూశానన్నాడు. ఈ ఇంటికీ ఆ గేటుకూ నడిస్తే పది నిమిషాలు. మిగతా పది నిమిషాలూ ఎక్కడ పోయాయని ఎవరూ అడగలేదు.

జాలీ గోడకు ఆనించి ఉంది, కిటికీ పక్కన. తబితా నిప్పుగూటి ముందు రాతిపలక దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. కూర్చోగానే ఆమెకు కావలసింది దొరికింది. రాతి మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీత గీసినట్టు ఉంది. గీతకు లోపల బూడిద పొర. గీతకు ఇవతల రాయి అద్దంలా శుభ్రంగా ఉంది. మంట మండుతున్నంతసేపూ జాలీ అక్కడే ఉంది. దాని అడుగు అంచు బూడిదను ఆపింది. తర్వాత ఎవరో పైకెత్తి పక్కన పెట్టారు.

"ఒట్టేసినట్టే పెట్టావే పిల్లా," అనుకుంది తబితా. ఎవరినైనా పిలిచి చూపించాలని లేవబోయింది.

"ఎవరి ఇంట్లో ఎవరు మోకాళ్ల మీద ఉన్నారు?"

సెప్టిమస్ గాంట్ వెనకే నిలబడి ఉన్నాడు. మీసానికి నూనె, బూట్లకు మెరుపు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఈ ఇంటి భోజనాల బల్ల దగ్గర మాంసం ముక్కలు కోసుకు తినే మనిషి.

"ఇన్‌స్పెక్టరుగారూ, సమయానికొచ్చారు. అక్కడే ఆగండి. ఈ గీత చూడండి..."

"ఏ గీత?" అంటూ అతను రెండడుగులు వేసి రాతిపలక మీదికెక్కాడు. బూటు మడమ అటూ ఇటూ తిప్పాడు. తీరిగ్గా, చుట్ట పీక నలిపినట్టు. "నాకేం గీత కనబడటం లేదే హల్లమమ్మా."

బూడిద రాయంతా పరుచుకుంది.

తబితా లేచి నిలబడింది. "అయ్యా, మీరు చెరిపింది గీత కాదు. ఒక పిల్ల ప్రాణం."

"పిల్లట! అజాగ్రత్తగా ఉండి యజమానురాలిని చంపిన పనిమనిషి. శవాలకు నీళ్లు పొయ్యమని నిన్ను పెట్టుకున్నారు గాని బూడిదలో జాతకాలు చూడమని కాదు. వచ్చే నెల నుంచి ఆ పని కూడా ఉంటుందో ఉండదో."

"తీసెయ్యండి. నాకు బట్టలుతకడం వచ్చు. మీకు ఏం వచ్చో నాకర్థం కావడం లేదు. మాడిన గదిలో తెల్లటి కర్టెన్లు కనబడలేదు, వాచీలో పోయిన పది నిమిషాలు కనబడలేదు. కళ్లు ఆదివారం భోజనం పళ్లెంలో మరిచిపోయి వచ్చారా?"

"నోరు అదుపులో పెట్టుకో!"

"నలభై ఏళ్లు పెట్టాను, చాలు. ఇంకొక్కటి చెప్పండి. లవినియమ్మ రెండింటికి అన్నీ విప్పి పడుకుంది. కెజియా వంతెన అవతలికి పోయింది. వంటావిడ ఇంట్లో లేదు. మరి ఆవిడకు మళ్లీ పంజరం ఎవరు తొడిగారు?"

ఆ ప్రశ్న గాంట్‌కు ఇంతవరకూ తట్టలేదని మొహమే చెప్పింది. తర్వాత నెమ్మదిగా నవ్వాడు.

"మంచి ప్రశ్న. అడగాల్సినవాళ్లనే అడుగుతాను," అని టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు.

వీధిలోకొచ్చాక గానీ తబితాకు తను చేసిన పని తెలిసిరాలేదు. దొంగ చేతికే తాళం ఇచ్చింది. గాంట్ ఇప్పుడు నేరుగా ఫ్యాక్టరీకి పోతాడు. మూడు గంటల లోపల బ్రామాల్ ఆ ప్రశ్నకు జవాబు అల్లి సిద్ధంగా పెట్టుకుంటాడు. కోపంలో నోరు జారడం ఆమెకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మొగుడు బతికున్నన్నాళ్లూ అదే అనేవాడు. చేతిలో ఉన్న ఒక్క సాక్ష్యం బూటు కింద పోయింది, రెండోది తన నాలుక కింద పోయింది. వంతెన పిట్టగోడకు ఆనుకుని ఆమె తనను తాను నోటికొచ్చినట్టు తిట్టుకుంది.

తిట్లు అయ్యాక ఆలోచన మొదలైంది. గౌను నిప్పుకు తగిలి చచ్చిందని లోకాన్ని నమ్మించాలంటే ఉబ్బిన గౌనే కావాలి, అందుకే ఆ పంజరం. పంజరం ఎవరు తొడిగారని అడిగింది, నిజమే. బకిల్ సంగతి మాత్రం చెప్పలేదు. 'ఎవరు తొడిగారు' అంటే బ్రామాల్ ఏం చెబుతాడు? కెజియా అని చెప్పలేడు, మందుల షాపువాడు దాన్ని చూశాడు. ఆవిడే తొడుక్కుందనొచ్చు. కానీ తలనొప్పితో పడుకున్న మనిషి ఒంటరిగా లేచి ఎందుకు తొడుక్కుందని జ్యూరీ గుచ్చి అడిగితే గుటకలు మింగాలి. అంతకంటే అందమైన జవాబు ఒకటుంది. పెళ్లాం మీద ప్రేమ కారిపోయే మొగుడి జవాబు.

"చెప్పు నాయనా," అంది తబితా నీళ్ల వైపు చూస్తూ. "ఆ జవాబే చెప్పు."

విచారణలు ఆ పేటలో గ్రే హార్స్ సారాయి కొట్టు పైగదిలోనే జరుగుతాయి. మూడింటికల్లా గది కిక్కిరిసిపోయింది. బల్ల వెనక కరోనర్, అంటే అనుమానపు చావుల మీద తీర్పు నడిపే పెద్దమనిషి. ఆయన కుడివైపు జ్యూరీ పన్నెండు మంది, వాళ్లకు పెద్దగా రొట్టెల బట్టీ యజమాని. వెనక బెంచీల మీద బ్రామాల్ ఫ్యాక్టరీ ఆడపిల్లలు, సగం రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు. వార్నీషు గదిలో పోయినవాళ్లు వీళ్ల పక్క బల్లల వాళ్లే. కెజియా ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబడి నేల చూస్తోంది.

ముందు డాక్టర్ పిమ్ తన కాగితం చదివాడు. కాలిన గాయాల జాబితా అది. చివర్లో, "నడుముకు వెనక, వెన్నుపూస మీద, బొటనవేలంత నలుచదరపు మచ్చ ఒకటి. లోహం కాలి అంటుకున్నట్టుంది. ప్రాముఖ్యం లేదు," అని కళ్లద్దాలు తీశాడు. ప్రాముఖ్యం లేదట. తబితా పళ్లు కొరుక్కుంది.

తర్వాత జోసయా బ్రామాల్ నల్లబట్టల్లో లేచాడు. గాంట్ ఆయనకు కుర్చీ జరిపి, చెవిలో ఏదో అన్నాడు.

"బ్రామాల్ గారూ," అన్నాడు కరోనర్, "పనిపిల్ల బయటికి పోయాక మీ భార్యకు గౌను తొడగడానికి ఇంట్లో ఎవరూ లేరు కదా. అది కాస్త వివరిస్తారా?"

బ్రామాల్ రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. "నేనే తొడిగానండీ. మందు రాకముందే తల కాస్త తేలికపడింది, మూడింటికి పాస్టరుగారింటికి వెళ్తానంది. 'కెజియా లేదు గదా, నువ్వే కట్టు జోసయా' అంది నవ్వుతూ. నా ఫ్యాక్టరీలో పుట్టిన పంజరాన్ని నా చేతుల్తోనే నా లవినియాకు కట్టాను. అదే ఆఖరిసారి అనుకోలేదు. అందుకే బయల్దేరడం పది నిమిషాలు ఆలస్యమైంది. రెండున్నర అయింది. నిన్న దుఃఖంలో పొరపాటు చెప్పాను."

పది నిమిషాలు కూడా పూడ్చుకున్నాడు. జ్యూరీలో ఇద్దరు ముక్కులు చీదారు. గాంట్ తబితా వైపు చూసి మీసం దువ్వాడు.

"హల్లమమ్మ," అని గుమస్తా పిలిచాడు. శవాన్ని శుభ్రం చేసిన మనిషిగా ఆమె సాక్ష్యం రెండు ముక్కల్లో అయిపోవాలి. పంజరం విప్పాను, శరీరం కడిగాను, అంతే. తబితా బల్ల ముందుకొచ్చింది.

"పంజరం ఒంటి మీద సరిగ్గానే ఉందా అమ్మా?" కరోనర్ తలెత్తకుండానే అడిగాడు.

"అది నేను చెబితే ఆడదాని మాటంటారు దొరా. తొడిగినాయనే ఉన్నారు గదా. ఎలా తొడిగారో ఒక్కసారి చూపిస్తే జ్యూరీవారికి స్పష్టంగా ఉంటుంది."

గాంట్ లేచాడు. "ఇదేం తమాషా! దుఃఖంలో ఉన్న మనిషిని..."

"దుఃఖంలో ఉన్న మనిషి ఇప్పుడే దాని గురించి ఎంత బాగా చెప్పారు!" అంది తబితా. "నోటితో చెప్పింది చేత్తో చూపడానికి బాధేమిటి? లేక ఈ మాట మీరేమైనా నేర్పి పెట్టారా ఇన్‌స్పెక్టరుగారూ?"

గదిలో గుసగుసలు లేచాయి. రొట్టెల బట్టీ యజమాని గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఒక పిల్లను జైలుకు పంపే వ్యవహారం. చూస్తే పోయేదేముంది? మేం చూస్తాం."

కరోనర్ ఇష్టం లేనట్టే తల ఊపాడు. "పంజరం ఎక్కడుంది మరి?"

"ఇదిగో!" వెనక బెంచీలోంచి పొడుగాటి పిల్ల లేచింది. పేరు రోడా. బకిళ్లు కుట్టే బల్ల దగ్గర పని. అటూ ఇటూ ఇద్దరు నేస్తాలు శాలువాలు అడ్డుపెట్టారు. అర నిమిషంలో ఆమె గౌను చప్పబడిపోయింది. ఉక్కు వలయాలు తలల మీదుగా చేతులు మారుతూ ముందుకొచ్చాయి. జ్యూరీలో సగం మంది సిగ్గుతో పైకప్పు చూశారు. "అయ్యగారి సరుకేనండీ, మంగళవారంనాటి రకమే!" అని అరిచింది రోడా. ఒకరిద్దరు కిసుక్కుమన్నారు.

బ్రామాల్ పంజరం అందుకున్నాడు. మొహంలో విసుగు తప్ప భయం లేదు. రోజుకు వందల పంజరాలు చూసే మనిషి.

"నన్నే లవినియమ్మ అనుకోండి," అని తబితా ఆయనకు వీపు చూపించకుండా, మొహం చూపించకుండా పక్కకు తిరిగి నిలబడింది. ఎటు నిలబెట్టుకుంటాడో ఆయనకే వదిలేసింది. చేతులు కాస్త పైకెత్తింది. కెజియా మొదటిసారి తల ఎత్తి చూసింది.

బ్రామాల్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. పంజరాన్ని ఆమె చుట్టూ వేశాడు. ఎత్తుగా, వెడల్పుగా వంగిన వైపు అందంగా జనానికి ఎదురుగా తిప్పాడు. ఆమెను భుజాలు పట్టి జ్యూరీ వైపు నిలబెట్టాడు. తర్వాత వెనక్కి వెళ్లి, నడుము దగ్గర పట్టీ లాగి బకిల్ బిగించాడు. ఇత్తడి ఆమె వెన్నుపూస మీద క్లిక్కుమంది.

"ఇలా," అన్నాడు.

వెనక బెంచీలు గొల్లుమన్నాయి.

ఎవరో ఆపబోయి ఆపలేకపోయారు. నలభై మంది ఆడపిల్లల నవ్వు గది కప్పుకు తగిలింది. పొట్ట ముందు కొండలా లేచిన ఉక్కు గోపురంతో నిలబడిన తబితాను చూసి రోడా బెంచీ బాదుతూ నవ్వింది. "అయ్యో దేవుడా, అయ్యగారికి వెనకా ముందూ తెలియదే! మా షోరూములో కొక్కేలకు అలాగే వేలాడదీస్తారు గదా, బేరగాళ్లకు వెనకవైపు ఎత్తు కనబడాలని. అదే ముందనుకున్నట్టున్నాడు! ఇన్నేళ్లూ మనచేత చేయించి..."

అక్కడ ఆమె మాట ఆగిపోయింది. తనేమంటోందో తనకే వినబడింది. ఒక్కొక్కరిగా, బెంచీ తర్వాత బెంచీ, నవ్వులు ఆగిపోయాయి. జ్యూరీ మగవాళ్లు మాత్రం ఇంకా అర్థంగాక ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

కరోనర్ బల్ల మీద సుత్తితో కొట్టాడు. "ఏమిటిది? ఏమైంది?"

"బకిల్ ముందుండాలి దొరా," అంది తబితా. "ఈ గదిలో గౌను తొడుక్కునే ప్రతి మనిషికీ తెలుసు. డాక్టరుగారూ, ఆ నలుచదరపు మచ్చ, ప్రాముఖ్యం లేనిది, ఎక్కడుందన్నారు?"

డాక్టర్ పిమ్ కాగితం తిప్పాడు. చదవాల్సిన అవసరం లేకపోయినా చదివాడు. "నడుముకు... వెనక. వెన్నుపూస మీద."

రొట్టెల బట్టీ యజమాని నెమ్మదిగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

గాంట్ ఏదో అనబోయాడు. "అయితే ఏమైంది? మగవాడు, అలవాటు లేనివాడు, పొరపాటున తిరగేసి కట్టాడు. అది నేరమా?"

"పొరపాటు ఆయనది. సరే, ఒప్పుకుంటాను," అంది తబితా. ఆమె వెనక్కి తిరగలేదు. బ్రామాల్ వేళ్లు ఇంకా ఆమె నడుము దగ్గర బకిల్ మీదే ఉన్నాయి. ఆ వేళ్లు చల్లబడడం గుడ్డ మీదుగా ఆమెకు తెలుస్తోంది. "కానీ ఎనిమిదేళ్ల నుంచి రోజూ పంజరం తొడుక్కుంటున్న లవినియమ్మ, నవ్వుతూ నిలబడి, వెనకా ముందూ తిరగేసి కట్టించుకుందా? 'ఇటు కాదు జోసయా, అటు' అని ఒక్క మాట అనలేదా? బతికున్న ఆడది ఏదైనా ఆ మాట అంటుంది దొరా. ఆవిడ అనలేదు."

కెజియా స్టేసీ వెక్కి వెక్కి ఏడవడం ఒక్కటే వినిపించింది.

తబితా నడుము మీది బకిల్ ఊడింది. విప్పబోయిన వేళ్లు ఎంత వణికాయంటే, పంజరం జారి ఇద్దరి కాళ్ల చుట్టూ నేలమీద పడింది.